తెరకు పోసిన చెంబెడు నీళ్లు

మొన్న ఒక మధ్యాహ్నం పూజ ముగించుకుని, ఇంత ప్రసాదం నోట్లో వేసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి పిల్లలు టీవీ ముందు కూర్చుని పడీ పడీ నవ్వుతున్నారు. పాతకాలపు నలుపు తెలుపు సినిమా. ఎడ్లబండ్ల మీద ట్రంకుపెట్టెలూ తెరలూ వేసుకుని ఊరూరా తిరిగే నాటకాల వాళ్ల కథ, పాటలకు పాటలు, నవ్వులకు నవ్వులు. బండిచక్రం ఊడిపోతే రాజు వేషంలో ఉన్నవాడే కిరీటంతో సహా దిగి దాన్ని దొర్లించుకుంటూ పరుగెత్తడం చూసి మా చిన్న మనవరాలు కడుపు పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు గూడ కూసో, మస్తున్నది" అని నా చెయ్యి పట్టి లాగింది. కూర్చున్నాను. కాని అందులో హాస్యగాడు రాణి వేషం కట్టుకుని, పెట్టుడు జడ ముందుకు వేసుకుని, దోసిలి పట్టి ఆకాశం వైపు చూసే ఘట్టం వస్తున్నదని తెలుసు గనుక, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు. ఆ సినిమా నేను జన్మలో ఒక్కసారే చూశాను. దాని పేరేమిటో కూడా నాకు తెలియదు. మా బజారులో అందరూ దాన్ని బండ్లోళ్ల సినిమా అనేవారు.

మాది పటాన్‌చెరు. ఇప్పుడా పేరు చెబితే ఎవరికైనా పొగగొట్టాలూ లారీలూ గుర్తుకొస్తాయి గాని, నా చిన్నతనంలో అది అంగడి ఊరు. జిన్నారం వైపు నుంచి, కొండాపూర్ వైపు నుంచి కందులూ జొన్నలూ మిరపకాయలూ బండ్ల మీద వచ్చేవి. మా నాయన కొట్టు బజారు నడుమ ఉండేది, కొట్టు వెనకనే ఇల్లు, ఇంటికి ముందు షాబాదు బండలు పరిచిన ఎత్తైన అరుగు. ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు మెట్టు మీద ఆగాలో, ఎవరు కిందనే నిలబడాలో ఒకరు ఒకరికి చెప్పేది కాదు, పుట్టుకతో అందరికీ తెలిసినట్టే ఉండేది. అందులో తప్పున్నదని ఆ రోజుల్లో మాకు తోచలేదు. తోచినవాళ్లు మా బజారులో లేరు.

నన్ను బడికి పంపలేదు. చదువంతా మా నాయనమ్మ దగ్గరే. ఆమె పళ్లెంలో జొన్నపిండి పరిచి నా వేలు పట్టి దిద్దించేది, పాఠం అయిపోగానే ఆ పిండినే పిసికి రొట్టె కొట్టేది. ఆ విధంగా నేను అక్షరాలు నేర్చుకోవడమే కాదు, ఏ రోజువి ఆ రోజు తిన్నాను కూడా. ఈనాడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే. రోజూ దీపం పెట్టేటప్పుడు భగవంతుడి పేరు తరువాత ఆమె పేరే తలుచుకుంటాను.

మా ఊరికి ఏడాదికోసారి, పంటలు ఇంటికి చేరాక, బాగోతపువాళ్లు వచ్చేవారు. ఒకే కుటుంబం, తాత నుంచి చంటిపిల్ల వరకూ అందరూ వేషగాళ్లే. పునికి చెక్కతో చేసిన కిరీటాలూ భుజకీర్తులూ గోనెసంచుల్లో చుట్టుకుని తెచ్చేవారు. తేలికపాటి కర్ర గనుక ఎంత పెద్ద కిరీటమైనా తల ఊపితే ఊగేది. ముఖాలకు అరదళమనే పసుపుపచ్చ రంగు పూసుకునేవారు. ఆ కుటుంబం పెద్దను బజారులో పిల్లలం బాగోతం తాత అనేవాళ్లం. మాట విరుపులో ఆయనను మించినవాడు లేడు. ఒకసారి మా నాయన తూకం వేస్తూ, ఏం తాతా ఈసారి రాజు వేషం ఎవరిదని అడిగితే, "నాదే సేటు. పగటీలి అడుక్కుంట, రాత్రి దానం జేస్త. దేవుడు లెక్క సమానం జేసిండు" అన్నాడు. కొట్టు కొట్టంతా నవ్వింది.

ఏటా ఆడే ఆటలు వేరు, వానరాణి ఆట వేరు. అది వానలు తప్పిన ఏడే ఆడాలి, అదీ బజారు పెద్దలు పిలిస్తేనే ఆడాలి. ఆ కథ ఇంకెక్కడా నేను వినలేదు, వాళ్ల కుటుంబంలో పుట్టిన కథే అనుకుంటాను. ఒక రాజ్యంలో వానలు పోతాయి. చివరి లేగదూడ వరకూ నీళ్లు తాగితే గాని తాను తాగనని రాణి ఎండిన చెరువు నడుమ నిలబడుతుంది. ఎవరు చెప్పినా వినదు. చివరికి ఆ ప్రజలే, తమకు మిగిలిన ఆఖరి నీళ్లు తెచ్చి ఆమెకు తాగిస్తారు. ఒకరి కోసం ఒకరు ఇంత చేసుకుంటుంటే మనమేం చేస్తున్నామని దేవతలు సిగ్గుపడి వాన కురిపిస్తారు. ఇదీ కథ.

ఆ ఆటకు రెండు నియమాలుండేవి. రాణి వేషం కట్టే మనిషి నిజంగానే పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. ఆఖరున ఆ నీళ్లు ఇచ్చేది వేషగాళ్లు కాదు, బజారులో పెద్దింటి పెద్దవ్వ. అంటే మా నాయనమ్మ. ఆ కాలంలో బాగోతపువాళ్లు దాహమని వస్తే అరుగు కింద నిలబడి దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తాం, అంతే. కాని ఆ ఆటనాడు మాత్రం నాయనమ్మ ఎదురు వెళ్లి, రాణి వేషం కట్టినామెను రెక్క పట్టి కూర్చోబెట్టి, కంచు చెంబు స్వయంగా ఆమె పెదవులకు ఆనించి తాగించేది. "ఇగ నువ్వు మా ఆడబిడ్డవు" అనేది. ఆ మాటతో ఆ మనిషి బజారుకంతటికీ ఆడబిడ్డ అయిపోయేది. ఆ తరువాత ఎప్పుడు వచ్చినా అరుగెక్కవచ్చు, లోపలికి రావచ్చు, బొట్టూ గాజులూ రవికెగుడ్డా పెట్టి గాని పంపకూడదు.

నేను చాలా చిన్నగా ఉన్నప్పుడు ఒక కరువు ఏడు ఆ ఆట జరిగింది. బాగోతం తాత కూతురు వేషం కట్టింది. నాకు గుర్తున్నదల్లా పచ్చటి ముఖం, ఎండిన పెదవులు, కంచు చెంబు, ఆమె మింగుతుంటే మెడలో కదిలిన నరం. ఆ వారంలోనే వాన పడిందని మావాళ్లు చెప్పుకునేవారు. అప్పటినుంచీ ఆమె మా ఇంటికి నేరుగా వంటగది గడప దాకా వచ్చేది. నాయనమ్మ పీట వేసేది. ఒక్కోసారి ఆమె నడుముకు చిన్న కూతురు అంటుకుని వచ్చేది. తల్లి లోపలికి వస్తుంటే ఆ పిల్ల మాత్రం అరుగు కిందనే ఆగిపోయేది. తల్లి ఆడబిడ్డ గాని పిల్ల కాదు. ఎవరూ ఆపలేదు, దానంతట అదే ఆగేది.

ఆ పిల్లా నేనూ కొంచెం అటూ ఇటుగా ఈడువాళ్లం, ఆమే కాస్త పెద్దది. అక్కా అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు నన్ను చెల్లె అనేది, మావాళ్లుంటే చిన్నమ్మా అనేది. నేను అరుగు మీద కూర్చుని పళ్లెంలో దిద్దుకుంటుంటే కింద నిలబడి చూసేది. "నువ్వు అక్షరాలు తింటవు, నేను పాటలు తింట. ఇద్దరికి కడుపు నిండదు పో" అని నవ్వేది. తాత విరుపులన్నీ ఆమెకే వచ్చాయి. కొన్నాళ్లకు ఆ తల్లి ఏదో జ్వరంతో పోయింది. మరుసటి ఏడు తాతతో వచ్చినప్పుడు ఆ పిల్ల అరుగు కింద ఒక్కతే నిలబడింది. నాయనమ్మ కళ్లొత్తుకుని చీర పెట్టింది గాని, పైకి రమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. నియమం అలాంటిది. వెళ్లేటప్పుడు అక్క నా చెవిలో, "సూడు చెల్లె, ఒక్కపారి నాకు గూడ రాణేషం వస్తది. అప్పుడు మా అమ్మ లెక్క దన్న దన్న మీ అరుగెక్కుత, నీ పక్కన్నె కూసుంట" అన్నది. పండుగకు కొత్త బట్టలు వస్తాయని చెప్పుకునే పిల్ల మాటలా ఉన్నది అది. అందుకు కరువు రావాలని ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

కరువు రానే వచ్చింది. డెబ్బయ్యవ దశకం మొదట్లో వానలు లేని ఆ ఏళ్లు మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. బావుల్లోకి నిచ్చెనలు దింపుకుని గిన్నెతో తోడుకునేవాళ్లం. అంగడిలో గొడ్లను అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేరు. మా నాయన కొట్టులో కూర్చుని ఈగలు తోలుకునేవాడు. అప్పటికే సడక్ వెంట రామచంద్రాపురం వైపు పెద్ద కార్ఖానా వచ్చి, కోస్తా నుంచి వచ్చినవాళ్లతో క్వార్టర్లు నిండి ఉన్నాయి. వాళ్ల నెలజీతాలు చూసుకుని డేరా సినిమా ఒకటి మా ఊరి బయట వెలిసింది.

ఆ వేసవిలోనే బాగోతం తాత కుటుంబాన్నంతటినీ వెంటేసుకుని వచ్చి అంగడి రేకుల కింద దిగాడు. పిలవకుండా వచ్చాడు. పిలుస్తారని వచ్చాడు. పల్లెల్లో ఆటలు పిలిచేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ బజారు కూడా పిలవకపోతే ఇక కిరీటాలు మోసుకు తిరగడంలో అర్థం లేదని, పాశమైలారం వైపు కట్టుబడి పనులకు పోవలసిందేనని ఆయన నాయనమ్మతో చెప్పుకుంటుంటే గడప వెనక నుంచి విన్నాను. ఈసారి రాణి వేషం మనవరాలిదేనని కూడా చెప్పాడు. అక్క అరుగు కింద నిలబడి, నేను కనబడగానే ఎవరూ చూడకుండా అరుగు బండ మీద చెయ్యి వేసి తట్టింది. ఈ చోటే నాది అన్నట్టు.

పెద్దలు మా అరుగు మీదనే కూర్చుని మాట్లాడుకున్నారు. ఆట ఆడించాలని అందరికీ ఉన్నది, అందులో ఎవరినీ తప్పు పట్టను. "పిలుస్తం సరే. పిల్లాజెల్ల అందరు వారం దినాలుంటరు. ఆళ్ల వంటకు, రంగులు కడుగుడుకు నీళ్లు యాడికెళ్లి తెద్దం?" అని ఒక పెద్దమనిషి అన్నాడు. లోపల గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ, "నీళ్లుంటె ఆట ఎందుకురా?" అన్నది.

అప్పుడు మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, నోరు విప్పాడు. ఆయనకు సినిమాలంటే ప్రాణం. పట్నం పోతే సరుకు సంగతి మరిచిపోయి సినిమా చూసి వచ్చేవాడు. మనసు వెన్న. కూనిరాగం లేకుండా ఆయన కొట్టు తలుపు తెరిచిన రోజు నాకు గుర్తులేదు. "అమ్మా, డేరాల ఒక సినిమా రాబోతున్నది, నేను పట్నంల సూసిన. గది గూడ బాగోతపోళ్ల కథనే. అండ్ల గూడ రాణేషం కడ్తరు, వాన కోసం ఆడ్తరు, వాన గూడ పడ్తది. డేరాయన నాకు దోస్తు. ఒక్క పూటల అయిపోతది, ఊరంత సూస్తది. ఆట ఆటనే గదా" అన్నాడు.

"మనుషులు ఆడద్దార?" అన్నది నాయనమ్మ.

"మనుషులే ఆడిండ్రమ్మా. ఆడినదాన్ని పట్టి పెట్టిండ్రు, గంతె."

ఇప్పుడు వింటే నవ్వు రావచ్చు గాని, ఆ మాట మావాళ్లకు న్యాయంగానే తోచింది. మంత్రం ఎవరు చదివినా మంత్రమే. రికార్డు మీద వచ్చే భజనకు మేము దండం పెట్టడం లేదా? దేవుడి సినిమా వస్తే తెరకు హారతిచ్చి కొబ్బరికాయ కొట్టే ఊరు మాది. తెర మీది దేవుడు దేవుడైనప్పుడు తెర మీది ఆట ఆట ఎందుకు కాదు? మా నాయన మీసం దువ్వుకుంటూ సరేనన్నాడు. డేరా ఇంజను చల్లబడడానికి పీపాడు నీళ్లు కావాలని డేరా ఆయన అడిగితే, దూరపు బావి నుంచి బండి మీద తెప్పించి ఇచ్చారు. ఆ పీపాతో బాగోతపువాళ్లకు వంట గడిచేదని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఈ కబురు తాతకు చెప్పింది చిన్నాయనే. తాత అరుగు కింద గొంతుకూర్చుని విని, "మంచిదే సేటు. సినిమ బొమ్మలకు ఆకలి గాదు, దూప గాదు, ఈపు నొయ్యది" అని నవ్వాడు. లేచి వెళ్లబోతూ మాత్రం, "సూడుండ్రి. సూసినంక మీకే తెలుస్తది. గప్పుడు గక్కడికెళ్లే మమ్ముల పిలుస్తరు" అన్నాడు. ఆ నమ్మకం ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పిలిచిన మరుక్షణం ఆట ఎక్కాలి గనుక, ఉపవాసం ముందే ఉండాలి గనుక, సినిమా వేసిన రోజు తెల్లవారినప్పటి నుంచీ మనవరాలిని నీళ్లు ముట్టనివ్వలేదు. పొద్దున్నే ముఖానికి అరదళం కూడా పూయించాడు. నేను మధ్యాహ్నం అంగడి వైపు వెళ్లి చూస్తే రేకుల వేడికి ఆ రంగు పగుళ్లు పట్టి ఉంది. "మాట్లాడకు చెల్లె, నోరెండుతది" అన్నది అక్క. మళ్లీ తనే, "పిలుస్తరంటవా?" అని అడిగింది. దేవుడున్నాడు అక్కా, తప్పకుండా పిలుస్తారు అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను.

పొద్దు గుంకగానే బజారంతా డేరాకు కదిలింది. నాయనమ్మ ఆ వయసు దాకా సినిమా అన్నది చూడలేదు. తలస్నానానికి నీళ్లు లేక తడిబట్టతో ఒళ్లు తుడుచుకుని, మడిచీర కట్టుకుని, కంచు చెంబు తోమి, ఇంట్లో రేపటికని దాచిన నీళ్లు అందులోకి వంచి, పైన తులసి దళం వేసి చేత పట్టుకుంది. ఎందుకు నాయనమ్మా అంటే, "వానరాణికి ఇయ్యద్దా?" అన్నది, ఇదేం ప్రశ్న అన్నట్టు. నేను ఆమె వెంట నడిచాను. నాకూ సినిమా కొత్తే.

ఆడవాళ్ల వైపు నేల మీద చాపలు వేసుకుని కూర్చున్నాం. డేరా గుడ్డ ఒక పక్క చిరిగి ఉంటే దాన్ని పైకి కట్టారు. బయట ఇంజను, దాని పక్కన నీళ్ల పీపా, ఆ వెనక బాగోతపు కుటుంబం నిలబడి ఉండడం నాకు అక్కడినుంచే కనిపించింది. ఇంజను దీపం వెలుగులో అక్క ముఖం పచ్చగా మెరుస్తున్నది.

సినిమా మొదలైంది. పాటలు రాగానే చిన్నాయన కూనిరాగం మగవాళ్ల వైపు నుంచి వినబడింది. బండిచక్రం దొర్లించే రాజును చూసి కరువును మరిచి జనం నవ్వారు. ఎన్ని నెలలకో అంతమంది ఒకచోట నవ్వడం విన్నాను, ఆ ఒక్కదానికి ఇప్పటికీ చిన్నాయనకు కృతజ్ఞురాలినే. చివరికి ఆ ఘట్టం వచ్చింది. నాయిక ఎక్కడికో పారిపోతే హాస్యగాడికి రాణి వేషం కడతారు. వాడు తెర వెనక గోలీసోడా కొట్టి గటగటా తాగి, మూతి తుడుచుకుని, వయ్యారంగా నడిచివచ్చి వాన కోసం ఏడుస్తాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. నాయనమ్మ నవ్వలేదు. తెర మీద రాణి దోసిలి పట్టి పైకి చూసింది. వాడు వానదేవుణ్ణి అడుగుతున్నాడు. నాయనమ్మ మాత్రం, ఆ దోసిలి తన కోసం పట్టిందనుకున్నది.

లేచి నిలబడింది. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి, చెంబు తొణకకుండా రెండు చేతులా పట్టుకుని, తెర దగ్గరకు నడిచింది. ఆమె నీడ తెర మీద పడింది. ఎవరో, "అవ్వా, కూసో!" అని అరిచారు. నాయన లేచాడు గాని అక్కడే ఆగిపోయాడు. ఆమె తెర ముందు నిలబడి, తల పైకెత్తి, ఆ రాణి పెదవులు ఎక్కడున్నాయో వెతికింది. తన చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నాయి. కాసేపు అలాగే చూసి, ఇక చేసేది లేక, తెర పాదాల దగ్గర, ఆ దుమ్ములో, చెంబెడు నీళ్లూ పోసేసింది. "ఇగ నువ్వు మా ఆడబిడ్డవు" అన్నది. ఆ మాట ముందు కూర్చున్నవాళ్ల నుంచి వెనకవాళ్ల దాకా పాకింది.

అప్పుడే తెర మీద ఉరుము ఉరిమింది. సినిమాలో వాన మొదలైంది. వేషగాళ్ల గడ్డాలు ఊడిపోతున్నాయి, రంగులు కారిపోతున్నాయి, రాణి జడ చేతికి వచ్చింది. మొత్తం సినిమాలో అంతకంటే నవ్వించే చోటు లేదు, మొన్న మా పిల్లలు ఎంతగా నవ్వారో వంటగదిలోకి వినబడింది. ఆ రోజు మా ఊళ్లో ఒక్కరూ నవ్వలేదు. తెర మీద అంత నీళ్లు అలా పారిపోతుంటే నోళ్లు తెరుచుకుని చూశారు. నా ముందు కూర్చున్న ఒక ముసలామె చెయ్యి చాపి, అరచెయ్యి తిప్పి చూసుకుంది.

సినిమా ఇంకా మిగిలి ఉండగానే నేను నాయనమ్మను పట్టుకుని బయటకు తెచ్చాను. పైన ఆకాశం కడిగినట్టు తేటగా, చుక్కలతో నిండి ఉంది. ఇంజను పక్కన తాత, అక్క అలాగే నిలబడి ఉన్నారు. చిరిగిన గుడ్డలోంచి వాళ్లూ అంతా చూశారు. అక్కను చూడగానే నాయనమ్మ అడుగు ఆగిపోయింది. పచ్చటి ముఖం, పగిలిన పెదవులు. నాయనమ్మ చేతిలోని చెంబులోకి చూసుకుంది. అడుగున తులసి ఆకు అంటుకుని ఉంది.

"ఇంటికి రా బిడ్డా, ఇంత పోస్త" అన్నది.

"ఇచ్చేసినవు గదా అవ్వా," అన్నది అక్క. కోపం లేదు ఆ గొంతులో. "ఆట ఆడంది ఎట్లొస్త మీ ఇంటికి?"

అక్క మా ముందునుంచే నడిచి ఇంజను పీపా దగ్గరకు వెళ్లింది. వేడికి ఆవిరి వస్తున్న ఆ నీళ్లలో, చమురు తేలుతున్న ఆ నీళ్లలో, రెండు చేతులూ ముంచి తాగింది. ఇంజను దగ్గరున్నవాడు, "ఏ లడ్కీ! వో ఇంజన్ కా పానీ హై!" అని, అవి ఇంజను నీళ్లని కసురుతూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు. అరదళం కరిగి గడ్డం మీదుగా మెడ మీదికి కారింది. తాత కళ్లు మూసుకుని, "అయిపాయె" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. ఆట ఆడకుండా, ఎవరూ ఇవ్వకుండా వానరాణి నీళ్లు తాగిందంటే ఇక ఆ వేషం ఆ ఇంట్లో ఎవరూ కట్టకూడదట. ఆ సంగతి నాయనమ్మ తరువాత ఎప్పుడో చెప్పింది.

ఆ ఏడు వాన పడలేదు. బాగోతపువాళ్లు మరునాడే రేకుల కింద నుంచి వెళ్లిపోయారు. కిరీటాలు ఏం చేశారో తెలియదు. పునికి కర్ర తొందరగా అంటుకుంటుంది, పొయ్యిలోకి పనికి వచ్చి ఉంటుంది. నాయనమ్మ ఆ తరువాత ఆ చెంబును దేవుడి దగ్గర పెట్టలేదు. ఎవరికిచ్చానో తెలియని నీళ్లు అంటూ ఒక్కోసారి గొణుక్కునేది. తరువాతి ఏళ్లలో వానలు వాటంతట అవే వచ్చాయి. ఎవరూ ఆడలేదు, ఎవరూ ఉపవాసం ఉండలేదు, అయినా వచ్చాయి. అందుకు భగవంతుడికి దండం పెట్టుకున్నాం. కాని వానలు ఊరికే వస్తాయని తెలిసిపోయాక, ఇక పిలిచేవాళ్లూ అడిగేవాళ్లూ లేకుండా పోయారు.

పెళ్లై నేను సంగారెడ్డికి వచ్చేశాను. కొన్నేళ్లకు నాయనమ్మ పోయాక పుట్టింటికి వెళ్లి ఉన్నప్పుడు, ఒక సాయంత్రం అరుగు కింద ఎవరో ఆగారు. తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బా. నవ్వితే గాని అక్క అని పోల్చుకోలేకపోయాను. పాశమైలారం దిక్కు ఒక మందుల కార్ఖానాలో సీసాలు కడిగే పనిలో ఉన్నదట. తాత పోయాడట. చేతులు చూపించింది. వేళ్లన్నీ నానిపోయి తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. "పొద్దంత నీళ్లల్లనే చిన్నమ్మా. నీళ్లకు కొదవ లేదు" అన్నది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అయినా చెల్లె అనలేదు.

పైకి రా అక్కా అన్నాను. రాలేదు. అప్పటికి మా ఇంట్లో ఆ పట్టింపులు సడలిపోయాయి, కార్ఖానా వాళ్లూ క్వార్టర్ల వాళ్లూ ఎవరెవరో వచ్చి ఆ అరుగు మీద కూర్చుని బేరాలాడి పోతున్నారు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. నువ్వొక్కదానివే ఎందుకు ఆగాలని బతిమాలాను. "ఆళ్లు కొననీకి వచ్చినోళ్లు. ఎవరన్న ఎక్కుతరు. నేను ఆట ఆడనీకి వచ్చిన దాన్ని," అన్నది. "ఆడలే. నాదేమున్నది?" స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి చేతికివ్వబోయాను. గ్లాసు అందుకోలేదు. కాస్త వంగి, ఆ నానిన చేతులతో దోసిలి పట్టింది. నేను అరుగు మీద నుంచే పోశాను. ఏం చేయను? తాగి, మూతి తుడుచుకుని, బస్సుకు వేళైందని వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. కార్ఖానాలు వచ్చాక బావినీళ్లు వాసన పట్టి, ఆ బావులూ పూడ్చేశారు. నీళ్లు డబ్బాల్లో వస్తాయి, ఎవరి ఇంటికి ఎవరు వెళ్లినా ఒకే డబ్బాలోంచి ఒకే గ్లాసుతో తాగుతారు. అది మంచి మార్పే. దేవుడు మా కళ్లు తెరిపించినందుకు రోజూ దండం పెట్టుకుంటాను. కాని ఎవరి దాహానికైనా ఊరంతా లేచి ఎదురు వెళ్లే రోజు ఒకటి మాకుండేది, అది కూడా ఆ అరుగుతో పాటే పోయింది. ఆ ఆట ఆఖరున వానరాణి నీళ్లు అడుగుతూ ఒక పాట పాడుతుందట. అక్క తల్లి పాడినప్పుడు నేను చిన్నదాన్ని, గుర్తులేదు. అక్క పాడే రోజు రాలేదు. నాయనమ్మకు తన వంతు మాట ఒక్కటే వచ్చు. ఆ పాట ఎలా మొదలవుతుందో చెప్పేవాళ్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరూ మిగలలేదు.